హిల్డింగ్ ఆంట్‌వెర్ప్‌లో ఆపిన బిళ్ళ

"ఒక్క బిళ్ళ ఆపానమ్మా, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు," అన్నాడు హిల్డింగ్.

స్వీడన్‌లోని యేవ్లే ఓడరేవు పక్కన కాఫీ కొట్టులో ఎదురుగా కూర్చున్న రాగ్న్‌హిల్డ్ ఐస్ హాకీ క్లబ్బు కార్యదర్శి. గోల్ కీపర్లకి ఆట నేర్పే మనిషి కోసం వచ్చింది. ఆ పని తనకే రావాలని హిల్డింగ్ ఆశ. పక్కన పాత స్నేహితుడు ఆల్గోట్ కూర్చున్నాడు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన హాకీ జట్టులో హిల్డింగ్‌తో పాటు అతనూ ఉన్నాడు, అక్కడ అసలేం జరిగిందో తెలుసు.

"కానీ ఆ కెనడావాడు కొట్టిన కొట్టుడికి రబ్బరు బిళ్ళ కాలిపోతూ వచ్చింది. పట్టుకున్నానా, చేతితొడుగు పొగలు కక్కింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సెగకి నా కాళ్ళకింద మంచు కరిగి మోకాళ్ళలోతు నీళ్ళు. వాటిలో ఈదుతూనే ఇంకో నలభై ఆపాను."

"స్కేట్లతోనా?" అంది రాగ్న్‌హిల్డ్.

"విప్పే తీరికేదమ్మా? ఇంకోటి గోడకి కన్నం పెట్టుకుని బయట ట్రాములో పడితే, కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టాడు. ఊరంతా తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చిందా, తల తిప్పకుండానే పట్టేశాను."

ఆమె కప్పు కింద పెట్టి లేవబోయింది. హిల్డింగ్ గొంతు ఇంకా పెంచాడు. ఆల్గోట్‌కి జాలేసింది. చలికాలమంతా గోడలు చూస్తూ కూర్చునే మనిషి, ఈ పని సంగతి తెలిసినప్పట్నుంచీ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

"ఒరేయ్, అన్నీ నువ్వే ఆపేస్తే మనం ఎందుకు ఓడాంరా? రిఫరీ నిన్ను బయట ఎందుకు కూర్చోబెట్టాడో అది చెప్పు," అన్నాడు ఆల్గోట్.

హిల్డింగ్ మొహం మాడిపోయింది.

"బ్యాండీ అలవాటమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "మంచు మీద మా పాత ఆట. అందులో కీపరు బంతి పట్టుకుని చేత్తోనే ముందుకి విసరాలి. ఆంట్‌వెర్ప్‌లో బిళ్ళనీ అలాగే విసిరాను. హాకీలో అది తప్పు. చెప్పినా మళ్ళీ విసిరాను. మూడోసారీ అంతే, చెయ్యి మాట వినలేదు. నేను బయట కూర్చుంటే మా గోల్ ఖాళీ. ఇప్పటికీ సిగ్గేస్తుంది."

రాగ్న్‌హిల్డ్ మళ్ళీ కూర్చుంది.

"మా ముగ్గురు కీపర్లూ బ్యాండీ ఆడి వచ్చినవాళ్ళే హిల్డింగ్ గారూ. ఎంత మొత్తుకున్నా విసురుతూనే ఉన్నారు. మీ చెయ్యి మాట వినడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు చలికాలాలు," అన్నాడు హిల్డింగ్ మెల్లిగా.

"మాకంత టైము లేదు. సోమవారమే మొదలుపెట్టండి."