రాణిగారు లేచే పేజీ

పిల్లల లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాన్ని తిరగేసి చూసిన లైబ్రేరియన్, అది తెచ్చిన పదేళ్ల పిల్లని వెళ్లనివ్వలేదు.

"చివరి పేజీ ఏదమ్మా?"

"నేనే చింపేశానండి."

"అందులోనేగా మంత్రగత్తె చచ్చేది?"

"కాదండి, అది ముందు పేజీలో ఉంది. దాన్ని ఉంచాను. కూతురు ముద్దు పెట్టగానే రాణిగారు లేచి కూర్చునే పేజీ చింపాను."

"ఎంత మంచి పేజీ అది."

"అది చదివి మా చెల్లి ఆస్పత్రిలో అమ్మకి రోజూ ముద్దు పెట్టేది. పుస్తకంలో లాగే, నుదుటి మీద మూడుసార్లు. ఒకరోజు చెల్లికి జలుబు చేసిందని నర్సు లోపలికి రానివ్వలేదు. ఆ రోజే అమ్మ పోయింది."

"అయ్యో తల్లీ."

"తను పెట్టకపోబట్టే పోయిందని అన్నం ముట్టడం లేదండి."

"దాని తప్పేం లేదని చెప్పలేకపోయారా?"

"నాన్న చెప్పాడు, నేనూ చెప్పాను. పుస్తకం తెచ్చి చూపిస్తుంది."

"పేజీ లేకపోతే మర్చిపోతుందా మరి?"

"మర్చిపోదు. దానికి మొత్తం కంఠతా వచ్చు."

"ఇంకెందుకు చింపావమ్మా?"

"తర్వాత తీసుకెళ్లే వాళ్లింట్లో కూడా ఎవరికైనా బాగోలేదేమోనని."