నలభై మూడో జాతకం

నన్నొక్కన్ని పట్టుకొని మెమో రాస్తే ఎట్లా సోమయాజులు సార్? మీరు మేనేజరు, నేను ఆపరేటర్‌ని. కార్డులు పెడత, బటన్ నొక్కుత. రెండు గంటల్ల రావాల్సిన కాలేజీ సీట్ల లిస్టు రెండు దినాలైనా రాకపోతే, ఆ పాపమంత ఈ బీరయ్యదేనా?

ఏందీ, కంప్యూటర్ పండుకున్నదా? అయ్యో, పండుకునుడు ఏడిది! లైట్లన్నీ టకటక కొట్టుకుంటనే ఉన్నయ్. పనే ముందుకు పోలే.

జర వినుండ్రి. కింద మనం చాయ్ తాగే హోటల్ల ఒక్కటే బల్ల, నాలుగే కుర్చీలు అనుకోండ్రి. ఇరవై మంది వచ్చిన్రు. నలుగురు తిని లేస్తే ఇంకో నలుగురు కూసుంటే ఫికర్ లేదు. గట్ల కాకుండ, ఒక్క ముద్ద తినంగనే ప్లేటుతోని వెనక అర్రకు పంపి, ఇంకొకన్ని కూసోబెడితే? లేపుడు, కూసోబెట్టుడుతోనే పొద్దు గుంకుతది. ఒక్కని కడుపు నిండదు.

మన కంప్యూటర్ల కోర్ మెమరీ ఆ బల్ల సార్. డిస్కు ఆ అర్ర. కోర్ పెంచుండ్రని ప్రోగ్రాములు రాసే వరప్రసాద్ ఎంత మొత్తుకున్నడు! మీరేమన్నరు? ఇంకో డిస్కు తెస్తే అయిపాయె అన్నరు. అర్ర పెద్దదైంది. బల్ల గంతనే ఉన్నది.

ఔ సార్, సీట్ల లిస్టు ఒక్కటే అయితే పట్టేది. పక్కన ఇంకో ప్రోగ్రాం సగం బల్ల ఎక్కి కూసున్నది.

ఎవరిదంటరా? వద్దు సార్, అడగకుండ్రి.

సరే, చెప్త. మీ ఇంటిదే. ఈ ఆఫీసుల ఎవరింట్ల పెండ్లి మాటలొచ్చినా జాతకాలు కంప్యూటర్ల కలిపి చూడుమని మొదలు నా దగ్గరికే వస్తయ్ గద! సౌభాగ్యమ్మగారు పులిహోర డబ్బా పెట్టి, "మీ సార్‌కి చెప్పకేం బీరయ్యా" అని మీ బిడ్డ జానకమ్మ కోసం నలభై రెండు సంబంధాల జాతకాలు ఇచ్చిన్రు. పులిహోర తిన్నంక ఎట్ల కాదంట? రెండు పనులు కలిపి నడిపిన. ఒకటి ఆపితే రెండోది ఎప్పుడో అయ్యేది. తప్పే, ఒప్పుకుంటున్న. పాపం, ఆ కాలేజీ పిల్లలు పొద్దటిసంది మెట్లమీదనే కూసున్నరు.

జాతకాలా? ఇప్పుడే అయినయ్. నలభై రెండిట్ల ఒక్కటి కలవలే. నలభై మూడోది కలిసింది. ముప్పై ఆరు గుణాలకు ముప్పై నాలుగు!

ఔ, అమ్మగారు ఇచ్చినవి నలభై రెండే. ఆ ఒక్క కార్డు జానకమ్మనే తెచ్చి నా చేతిల పెట్టింది. "ఇది కూడా వెయ్యి బీరయ్యా" అన్నది. గంత ఆశగ అడిగితే నాకు కాదనబుద్ధి కాలే.

వరప్రసాద్‌ది సార్.

గట్ల చూడకుండ్రి. నా నౌకరీ ఊడబీకుండ్రి, ఏమనుకోను. ఆ పిల్లగాన్ని మాత్రం బదిలీ చెయ్యకుండ్రి.