యోకొహామాలో దిగిన మా రికార్డు

శనివారం మా బంతులాట క్లబ్బు వార్షికోత్సవం. డాన్సుకు వచ్చేది కుంబియా డాన్సు పాటలు వాయించే కుర్రాళ్ళా, వాల్దెమార్ రాక్ బ్యాండు 'లోస్ టెరోస్' వాళ్ళా అన్నది ఆ సాయంత్రమే తేలాలి. ప్రెసిడెంటు ఒలివేరా గొంతు సవరించుకుని, "పాత పాటలు వద్దంటున్నారు జనం, కొత్తవి కావాలట" అన్నాడు. వాల్దెమార్ డ్రమ్ముల మీద దుమ్మే తప్ప కర్ర పడి ఎన్నేళ్ళయిందో. మళ్ళీ ఒక్కసారి స్టేజీ ఎక్కాలని ఆయన ప్రాణం ఎంత కొట్టుకుంటోందో మాకందరికీ తెలుసు. వేడినీళ్ళ ఫ్లాస్కు ఎడమ చంకలోకి సర్దుకుని, మాతే కషాయం ఉన్న బుర్ర చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాడు.

"ఒలివేరా, మా బ్యాండు సంగతి నీకు తెలీదు. మేం వేసింది ఒక్క రికార్డే, అదీ ఇక్కడ కాదు, తిన్నగా జపాన్‌లో విడుదల! అచ్చేసిన కాపీలన్నీ ఒకే అట్టపెట్టెలో కట్టి, భుజానేసుకుని ఓడెక్కా. యోకొహామాలో ఓ ముసలాయన కొట్టు. నేనేం పెద్దగా అడగలేదు బాబూ, ఓ మూలన పెట్టుకోవయ్యా అన్నానంతే. ఆయన సరేనని సూది పెట్టాడు. పాట సగం అయిందో లేదో, కొట్టు ముందు లైను!"

"పెద్ద లైనేనా?" అన్నాడు మాంసం కొట్టు పోచో.

"ఆదివారం నీ కొట్టు ముందు నిలబడే లైననుకున్నావా? వీధి దాటి, వంతెన దాటి పక్క ఊళ్ళోకి పోయింది. చివర్న ఉన్నవాడికి ఏం అమ్ముతున్నారో కూడా తెలీదు పాపం, ముందువాడు నిలబడ్డాడని నిలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రికార్డు అట్ట మీద నా ఫోటో ఉందిగా, ఇదిగో ఇలాగే చంకలో ఫ్లాస్కుతో. మనకది అలవాటు, వాళ్ళకేం తెలుసు? డ్రమ్ములు ఇలాగే వాయించాలి కాబోలనుకున్నారు! వారం తిరక్కుండా జపాన్‌లో ప్రతి డ్రమ్మరు చంకలోనూ ఫ్లాస్కే. దేశంలో ఫ్లాస్కులు అయిపోయాయి. ఆస్పత్రుల్లో రోగులకు వేడినీళ్ళు లేవు!"

"వాల్దెమార్, మాతే ఇటియ్యి. అది మైకు కాదు" అన్నాడు పోచో. మా దగ్గర బుర్ర ఒక్కటే, ఒకడు తాగి ఇస్తేనే రెండోవాడికి. ఆయన కథ మొదలుపెట్టినప్పటి నుంచీ మా నోళ్ళు ఎండిపోతున్నాయి.

"ఇస్తానుండవయ్యా! అసలు సంగతి రెండో విడుదల. ఈసారి సముద్రం ఒడ్డున లౌడు స్పీకర్లు పెట్టి వేశారు. నా డ్రమ్ము దెబ్బకి చేపలు గుంపులుగా ఒడ్డుకొచ్చి తోకలతో తాళం వేస్తున్నాయి! జాలర్లు వలలు పక్కన పడేసి బుట్టలు తెచ్చుకున్నారు. కానీ ఒక్కడికీ పట్టబుద్ధి కాలేదట, అంత శ్రద్ధగా వింటున్నాయట మరి."

"మా చెవుల్లో పూలు పెడుతున్నావా?" అన్నాడు ఒలివేరా. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"పూలెందుకు పెడతాను? మూడో విడుదల రోజు భూకంపం! ఇళ్ళు ఊగుతున్నాయి, జనం హాహాకారాలు. ఎవడో తెలివైనవాడు మా రికార్డు పెట్టాడు. భూమి కాసేపు విని, మెల్లగా నా తాళానికి వచ్చింది. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది, నేను ఆపితే ఆగింది. దణ్ణం పెట్టి మరీ ఆగింది! ఇప్పుడు చెప్పు ఒలివేరా, భూమినే అదుపులో పెట్టినవాణ్ణి, నీ క్లబ్బు నేలను అదుపులో పెట్టలేనా?"

క్యాంటీన్ నడిపే నీబియా అప్పటిదాకా బల్ల తుడుస్తూ వింటోంది. గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది.

"ఏమయ్యా, నువ్వు తొలి మజిలీ శాంతోస్ రేవు దాటితేగా జపాన్! కక్కుకుని కక్కుకుని అక్కడే దిగి, బస్సెక్కి ఇంటికి రాలేదూ?"

"నేను దిగితే ఏం, పెట్టె వెళ్ళిందిగా!"

"ఏ పెట్టె వెళ్ళింది? దారిలో మాతేకి తక్కువవుతుందని పెట్టెడు యెర్బా ఆకు కట్టించావు నా చేత. కంగారులో రికార్డులకు బదులు ఓడ మీదకి అదే చేర్చావు. పాపం జపాన్ ముసలాయన ఆ ఆకేం చేసుకున్నాడో! రికార్డుల పెట్టె కట్టిన కట్టుతో నా వంటింట్లోనే ఉంది. దాని మీదెక్కే పై అర అందుకుంటున్నా."

క్లబ్బు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వాం. వాల్దెమార్ మొహం కందగడ్డయింది. "అది వేరే పెట్టె... అసలు నీకేం తెలుసమ్మా..." అంటూ ఏదో మొదలుపెట్టబోయాడు.

ఒలివేరా చెయ్యెత్తాడు.

"ఆగవయ్యా. ముందు నా ముక్క విను. ఆ పాటలు జపానంతా విన్నవైతే పాతవే కదా, శనివారం కుర్రాళ్ళకిచ్చేస్తా. పెట్టె కట్టు కూడా విప్పకుండా నీబియా వంటింట్లో ఉందంటే మాత్రం, అవి ఈ భూమ్మీద ఎవరూ వినలేదు. వాటికన్నా కొత్త పాటలు నాకెక్కడ దొరుకుతాయి? శనివారం నీదే. చెప్పు, మీ రికార్డు జపాన్‌లో విడుదలైందా, లేదా?"

వాల్దెమార్ మా మొహాలు చూశాడు. నీబియాను చూశాడు. ఎప్పుడో చల్లారిన మాతే అడుగంటా పీల్చి, బుర్ర పోచో చేతిలో పెట్టాడు.

"జపానా?" అన్నాడు. "ఏ జపాన్?"