మనవరాలికి రైట్ కొట్టిన కండక్టర్

కాస్త జరగండర్రా, బెంచీ మీద నన్నూ కూర్చోనివ్వండి. హమ్మయ్య! గుండెల మీద కుంపటి దిగిపోయిందనుకోండి. మా మనవరాలు ఇవాళ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్రెష్‌లో ఉండి, వేసుకెళ్ళిన నిక్కరుతోనే ఇంటికొచ్చింది. పొడిగా! నవ్వుతారేం? "నిక్కరు తడిపే పిల్లకి మా దగ్గర చోటు లేదు" అని ఆ క్రెష్ ఆవిడ మొహం మీదే చెప్పేసింది మరి. అక్కడ చోటు లేకపోతే మా అమ్మాయి ల్యాబ్‌లో ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవాలి. దాని సెలవు నిన్నటితో సరి. ఈ బెంగతో ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదంటే నమ్మండి.

"మరి పిల్ల ఎలా దారికొచ్చింది బాబాయ్?" అన్నాడు సెలూనతను.

ఎలాగేమిటి, నేను లేనూ? ఆడవాళ్ళిద్దరూ పిల్లని పాటీ మీద కూర్చోబెట్టి "ఉస్స్, ఉస్స్" అంటూ నోళ్ళు ఎండగట్టుకుంటున్నారు. అదేమో బాతుబొమ్మ పాటీ, పిల్ల దాని మెడ పట్టుకుని ఊగుతుందే తప్ప చుక్క రాల్చదు. లేచి తివాచీ ఎక్కిందంటే మాత్రం కాలవే! చూసి చూసి, "తప్పుకోండి, బస్సులో ముప్పయ్యేళ్ళు కండక్టరుగా చేసినవాణ్ణి, ఎంత మొండి బండైనా నా మాటకి కదలాల్సిందే" అని పక్కన నిలబడి, డొక్కలోంచి ఒక్క కేక పెట్టాను, "రైట్ రైట్!" అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జల్లుమని పోసేసింది!

"జడుసుకుని పోసిందేమో బావా" అన్నాడు టైలరు.

జడుసుకోవడమా? పకపకా నవ్వుతూ పోసింది! అంతటితో అయితే మీకెందుకు చెప్తాను? మర్నాడు సగంలో ఉండగా "హోల్డాన్!" అన్నాను. ఠక్కున ఆగింది. మళ్ళీ "రైట్" అన్నాను, ఆగిన చోటి నుంచే మొదలు. మా ఆవిడ వెంటనే పిల్లకి దిష్టి తీసేసింది. ఇక నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, కిటికీలు తీసి ఉండేసరికి మా బిల్డింగులో చంటిపిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ కానిచ్చేశారు. తల్లులు తడిసిన పరుపులు మోసుకుని మా గుమ్మం ముందు వరస కట్టారు. "అన్నయ్యగారూ, అరిచే ముందు ఒక్క మాట చెప్పండి, పాటీలు సర్దుకుంటాం" అని బతిమాలారు. సరే పాపమని బస్సులకి పెట్టినట్టే టైములు పెట్టాను.

"పెద్దవాళ్ళెవరికీ రాలేదా?" అన్నాడు సెలూనతను.

ఎందుకు రాలేదూ, మా ఇంటి ఓనరు ఆ టైముకి బిల్డింగు ఛాయలకే వచ్చేవాడు కాదు! అదలా ఉంచండి, అసలు సంగతి వినండి. ఒకరోజు పిల్ల బాత్‌రూములో పాటీ మీద ఉంది, పక్కన కుళాయి కారుతోంది. "హోల్డాన్" అన్నాను. పిల్లా ఆగింది, కుళాయీ ఆగింది. మా కుళాయి ఒక్కటేనా, వీధి వీధంతా! సబ్బు నురగలతో జనం బాల్కనీల్లోకి వచ్చేశారు. నీళ్ళ ఆఫీసు ఇంజనీరు జీపేసుకుని పరిగెత్తుకొచ్చి, "మహానుభావా, రైట్ అనండి, నా ఉద్యోగం ఊడేలా ఉంది" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. జాలేసి "రైట్ రైట్" అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోటారు వెయ్యకుండా ఐదో అంతస్తు పైన ట్యాంకు నిండి పొర్లిపోయింది! అంతెందుకు, మొన్న ఆ జడివాన ఉన్నట్టుండి ఎందుకు ఆగిందనుకున్నారు? నేను పిల్లకి నిక్కరు తొడుగుతూ "హోల్డాన్" అన్నాను, కిటికీ మూయడం మర్చిపోయాను!

ఏమ్మా, టీ పొయ్యకుండా నువ్వెందుకలా మూతి బిగించుకుని నవ్వాపుకుంటున్నావ్?

"ఏం లేదు బాబాయ్" అంది టీకొట్టావిడ. "పిన్ని నిన్ను రోజూ ఇక్కడికి ఎందుకు తోలుతోందో తెలుసా?"

ఎందుకేమిటి, పాలపాకెట్ కోసం.

"పాలూ కాదు, పాడూ కాదు. నీ కేక వినబడితే చాలు, పిల్ల బిగబట్టుకుని కూర్చుంటోందట. నువ్విలా గడప దాటగానే నింపాదిగా పాటీ ఎక్కి పని కానిచ్చుకుంటోందట. 'ఆయన్ని ఏదో ఒక మాటల్లో పెట్టి కాసేపు కదలనివ్వకమ్మా, నీకు పుణ్యముంటుంది' అని పిన్ని నన్ను బతిమాలింది. ఇవాళ క్రెష్‌లో పొడిగా ఎందుకుందనుకున్నావ్? అక్కడ నువ్వు లేవు కాబట్టి!"

ఏవిటీ, అంతా నేను లేకపోబట్టేనా? నిజంగా మా ఆవిడే చెప్పిందా? ఊఁ. పోనీలే, మా అమ్మాయి ఉద్యోగం నిలబడింది, నాకదే పదివేలు. నవ్వండి నవ్వండి, ఎంతసేపు నవ్వుతారో నేనూ చూస్తాను. అయినా, దాని కోసం ఇన్నాళ్ళూ ఇల్లూ వాకిలీ వదిలేసి ఇక్కడ కూర్చున్నదెవరర్రా? నేనేగా!