పక్కతెర నుంచి ముందు వరుసకు

1992వ సంవత్సరం జూన్ నెల పదిహేనవ తేదీ సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అనగా నిర్ణీత సమయానికి పది నిమిషాలు ఆలస్యంగా, మన సామాజిక భవనం కార్యాలయంలో టైపిస్టుగా చేరిన ఒక సన్నపాటి యువకుడు, ముప్పై మూడు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పది నిమిషాల ఆలస్యమే వారి ఉద్యోగ జీవితంలో మొదటిదీ, చివరిదీ అని హాజరు పట్టీ సాక్ష్యం చెబుతోంది. వారి అసలు పేరు సేవా పుస్తకంలో భద్రంగా ఉంది. అయితే ఆ పేరుతో పిలిస్తే వారే పలకరు. చిన్నలకూ పెద్దలకూ, చివరికి జీతాల పట్టిక రాసేవారికి కూడా ఆయన 'పక్కతెర మాస్టారు'. భవనంలోని దీపాల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా నిచ్చెన మీదనే కాలం గడుపుతున్న ఈ వ్యాసకర్తకు, వారిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం పూర్వజన్మ సుకృతం.

టైపిస్టు గారు పక్కతెర చేరిన వృత్తాంతం ఆసక్తికరమైనది. మన భవనంలోని బాలల నాటక విభాగం, అయిదేళ్ళు నిండిన పిల్లలను సాయంత్రాలు చేరదీసి ఏడాదికొక నాటకం ఆడించే సంగతి విదితమే. ఆ యేడు నాటక ప్రతిని కార్బన్ కాగితాలు పెట్టి అయిదు నకళ్ళుగా టైపు చేసినది వీరే. ప్రదర్శన నాడు పిల్లలకు పక్క నుంచి మాటలు అందించవలసిన ఉపాధ్యాయునికి దవడ వాచింది. పై నాలుగు నకళ్ళూ తలొకరు పట్టుకుపోగా మిగిలిన అయిదో నకలులో అక్షరాలు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. దానిని చదవగలిగినవాడు టైపు చేసినవాడొక్కడే. "ఈ ఒక్కరోజుకీ కూర్చోవయ్యా, రేపు ఇంకెవరినైనా చూద్దాం" అన్నారు అప్పటి మేనేజరు గారు. ఆ రేపు ముప్పై మూడేళ్ళయినా రాలేదు.

వారి పని విధానం వారిదే. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు చదివి బట్టీ పట్టే ఓపిక ఎక్కడిది? చెవితో విని నోటితో అప్పజెప్పవలసిందే. ప్రదర్శన రోజున గొంతు ఏ మూల నుంచి వినబడుతుందో, సాధన మొదటి రోజు నుంచీ ఆ మూల నుంచే వినబడాలన్నది మాస్టారి సిద్ధాంతం. అందువల్ల ఆయన రెండు నెలల పాటు రోజూ పక్కతెర చాటున ఒక పొట్టి స్టూలు మీద కూర్చుని, కళ్ళు కాగితంలో పెట్టి, ఒక్కో వాక్యమే చెప్పేవారు. పిల్లలు ఖాళీ కుర్చీల వైపు తిరిగి దానిని యథాతథంగా అనేవారు. పర్యవసానంగా, కొన్ని వందల మంది బాల నటులను తయారుచేసిన ఈ మహానుభావుడికి వారి ముఖాలు మాత్రం సరిగా తెలియవు. వెనుక భాగాలు తెలుసు. తలలో రెండు సుళ్ళున్నవాడు మంత్రి, మడమ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల పావురం. వీధిలో ఏ తల్లైనా బిడ్డను చూపించి "మాస్టారూ, మావాణ్ణి గుర్తుపట్టారా?" అని అడిగితే, "ఏదీ, ఒకసారి వెనక్కి తిరుగు నాన్నా" అనేవారు. తిరగగానే "అరెరె, సేనాపతీ! ఎంత ఎదిగావురా!" అని మురిసిపోయేవారు.

ఈ విధానంలో ఒక చిక్కు లేకపోలేదు. ప్రతి వాక్యానికి ముందూ చిన్నగా రెండుసార్లు దగ్గడం మాస్టారికి అలవాటు. 1998లో పైనుంచి ఒక పరిశీలకుల వారు వచ్చి నాటకం తిలకించగా, రాజు దగ్గి మాట్లాడాడు, రాణి దగ్గి బదులిచ్చింది, భటులు దగ్గారు, రెండు చెట్లూ ఒక నదీ కూడా దగ్గాయి. పరిశీలకుల వారు కడు సానుభూతితో తమ నివేదికలో ఇలా రాశారు: "బాలల ప్రతిభ ప్రశంసనీయం. భవనంలో తేమ అధికముగా ఉన్నట్లున్నది. తక్షణం గోడలు బాగుచేయించవలెను." ఆరేళ్ళుగా మనం పెట్టుకున్న అర్జీలకు కదలని గోడల పని ఆ నెలలోనే పూర్తయింది. మాస్టారు మాత్రం సిగ్గుతో వారం రోజులు ఎవరికీ ముఖం చూపలేదు.

2003లో సీనియర్ సహాయకులుగా, 2014లో పర్యవేక్షకులుగా వారు పదోన్నతులు పొందారు. దస్త్రాల విషయంలో వారెంతటి నిక్కచ్చి మనిషో, ఒక కాగితం అటూ ఇటూ చేసి చీవాట్లు తిన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా సాయంత్రం అయిదున్నర కొట్టేసరికి పర్యవేక్షకులవారు మాయమై, పొట్టి స్టూలు మీద పక్కతెర మాస్టారు ప్రత్యక్షమయ్యేవారు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి వారికంటే ముందే విరమణ పొందిన వారి అర్ధాంగి, ఒక్క ప్రదర్శనా విడువకుండా చూసిన ప్రథమ ప్రేక్షకురాలు. నాటకం ముగిసి ఇంటికి నడిచి వెళుతూ మాస్టారు ఏటా ఒకటే ప్రశ్న అడిగేవారట.

"పిల్లల ముఖాలు ఎలా ఉన్నాయి?"

"చూడాలి గానీ, నోటితో చెబితే వచ్చేదా ఏమిటి?" అనేవారట ఆవిడ.

విరమణలోగా ఒక్కసారైనా ఒక నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూడాలన్నది మాస్టారి కోరిక. ఆయన లేచి ఎదురుగా వెళితే పక్కనుంచి చెప్పేవారెవరు? పెళ్ళికొడుకే పురోహితుడైనట్టు, ఆ ముచ్చట అలాగే వాయిదా పడుతూ వచ్చింది.

ఈ సంవత్సరం మార్చిలో పాలకవర్గ సమావేశంలో ఆ ముచ్చట తీరే మార్గం ఏర్పడింది గానీ, అది ఆయన కోరుకున్న దారి కాదు. అధ్యక్షులవారు సహజంగా మంచివారు, ముక్కుసూటి మనిషి. వారు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు.

"ఈ బుడతలకి సొంతంగా ఒక్క ముక్క రాదండీ. ఆయన చెబుతాడు, వీళ్ళు చిలకల్లా అప్పజెబుతారు. ఆయనేమో వెళ్ళిపోతున్నాడు. వచ్చే ఏడాది నుంచి పదేళ్ళు దాటినవాళ్ళనే తీసుకుందాం. చిన్నపిల్లల విభాగం మూసేద్దాం."

రెండేళ్ళ క్రితం మన భవనంలో చేరిన యువ దర్శకురాలు చటుక్కున లేచారు. "ఒక్క అవకాశం ఇవ్వండి సార్. ఈసారి మాస్టారు లోపల కూర్చోరు. మీ పక్కనే కూర్చుంటారు. నాటకం మధ్యలో ఆగిపోతే మీరు అన్నట్టే మూసేయండి."

పర్యవేక్షకులుగా ఆ సమావేశంలోనే ఉన్న మాస్టారికి ముఖాన నెత్తురు చుక్క లేదు. సమావేశం ముగియగానే వసారాలో ఆమెను పట్టుకున్నారు. "ఏమ్మా, నన్నొక మాటైనా అడక్కుండా అలా అనేశావేం?"

"ముందు కూర్చుని చూడాలని మీకు లేదా మాస్టారూ?"

"ఎందుకు లేదు? నా ముచ్చట కోసం చంటిపిల్లల కొంప ముంచమన్నానా?"

"వాళ్ళకి వచ్చు మాస్టారూ."

"నీకేం తెలుసు? ముప్పై మూడేళ్ళుగా నేను చెప్పకుండా వాళ్ళు నోరు విప్పింది నేనెప్పుడూ వినలేదు" అన్నారాయన. అన్నాక, తాను ఏమన్నదీ తన చెవికే సోకింది కాబోలు. అధ్యక్షులవారి మాట నిజమేనేమో, ఇన్నేళ్ళూ తాను పిల్లలకు మాట నేర్పలేదేమో, వాళ్ళ బదులు తానే మాట్లాడేశానేమో అన్న దిగులు ఆ రోజే ఆయనకు పట్టుకుంది.

ఏప్రిల్ చివరి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు 'రాజుగారి ఆవులింత' నాటకం మొదలైంది. ఆవులింత పోగొట్టుకుని నిద్రలేక అల్లాడుతున్న ఒక రాజు కోసం రాజ్యమంతా ఆవులింతను వెతకడం కథ. నటీనటులు ఇరవై ముగ్గురు, అందరూ ఎనిమిదేళ్ళలోపువారే. రాజుకు ఏడేళ్ళు. ముందు వరుసలో మాస్టారికి ఎడమవైపు అర్ధాంగి, కుడివైపు అధ్యక్షులవారు. నిచ్చెన మీది నుంచి ఈ వ్యాసకర్తకు వేదిక ఎంత బాగా కనిపిస్తోందో, ముందు వరుసా అంత బాగానే కనిపిస్తోంది.

పావుగంట నిక్షేపంగా సాగింది. మాస్టారి పెదవులు మాత్రం ఇరవై ముగ్గురి తరఫునా కదులుతూనే ఉన్నాయి, ఆవిడ మోచేత్తో పొడుస్తూనే ఉన్నారు. మూడో రంగంలో రాజు సింహాసనం దిగి ముందుకొచ్చి, "నా ఆవులింతను ఏ దొంగ ఎత్తుకుపోయాడు?" అనాలి. వచ్చాడు. నోరు తెరిచాడు. మూశాడు. అలవాటు చొప్పున పక్కతెర వైపు చూశాడు. అక్కడ స్టూలు ఉంది, మాస్టారు లేరు.

ఈ వ్యాసకర్త చేతి గడియారం ప్రకారం ఆ నిశ్శబ్దం నలభై సెకన్లు. మాస్టారి లెక్కలో అదెంతో మనం చెప్పలేం. ఆ వాక్యం ఆయన నాలుక చివర ఉంది. ఆయన నోరు తెరవబోతే ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టారు. అధ్యక్షులవారు కొంచెం ముందుకు వంగి, "చూశారా, ఆగిపోయింది" అన్నారు నెమ్మదిగా. వేదిక మీద రాజు కింది పెదవి వణకడం మొదలైంది.

మాస్టారు ఆవిడ చేతిని తీసేశారు. "పోతే పోనీవే. పిల్లాడు ఏడ్చేలా ఉన్నాడు" అంటూ కుర్చీలోంచి సగం లేచారు. విభాగం నిలవాలా, ఆ ఒక్క పిల్లవాడు నవ్వులపాలు కాకుండా ఉండాలా అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పడానికి నలభై సెకన్లు చాలాయి. ఆయనను గురించి ఎవరైనా ఎప్పుడైనా ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే, అలా సగం లేచిన మనిషిని గుర్తుపెట్టుకోమని ఈ వ్యాసకర్త మనవి.

ఆయన పూర్తిగా లేచేలోగా ఒక చెట్టు మాట్లాడింది. ఆ చెట్టుకు ఆరేళ్ళు. నాటకం మొత్తంలో దానికి ఒక్క మాట కూడా లేదు, రెండు చేతులూ చాచి నిలబడటమే దాని పాత్ర.

"రాజుగారూ, మర్చిపోయారా?"

"ఊఁ" అన్నాడు రాజు దీనంగా.

"మీ ఆవులింత నా దగ్గరుందేమో. ఉండండి, చూస్తాను." అని చెట్టు కొమ్మలు దించి, ఒళ్ళు విరుచుకుని, కొండనాలుక కనబడేంత పెద్ద ఆవులింత ఆవులించింది.

ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని పెద్దలు ఊరికే అన్నారా? పక్క చెట్టు ఆవులించింది. మంత్రి ఆవులించాడు. భటులు బల్లేలు కింద పెట్టి మరీ ఆవులించారు. పావురాలు వరసగా అందుకున్నాయి. "నాది కూడా చూడండి రాజుగారూ!", "నాది ఇంకా పెద్దది!" అని రాజ్యమంతా ఎగబడింది. అంతమంది మధ్య నిలబడ్డ రాజుకు నటించే అవసరమే లేకపోయింది. నిజంగానే వచ్చింది. కిరీటం జారి మెడలో పడేంతగా ఆవులించి, "దొరికింది! నాది నాకు దొరికేసింది!" అని గెంతి, ఉన్నచోటనే పడుకున్నాడు. మిగతావాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ పడుకున్నారు. మధ్యలో రెండు రంగాలు ఎగిరిపోయి నాటకం పదకొండు నిమిషాల ముందే ముగిసింది. ఒక పావురానికి మాత్రం నిజంగానే నిద్ర పట్టేసింది, తల్లి వచ్చి భుజాన వేసుకుని దింపవలసి వచ్చింది.

హాలు మొత్తం ఒకవైపు చప్పట్లు, ఒకవైపు ఆవులింతలు. అధ్యక్షులవారు దర్శకురాలి వైపు తిరిగి ఏదో అనబోయి ఆవులించారు. మళ్ళీ అనబోయి మళ్ళీ ఆవులించారు. మూడోసారికి కళ్ళు తుడుచుకుంటూ, "ఇదెవరు చెప్పారు వీళ్ళకి?" అని అడిగారు.

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నారు దర్శకురాలు.

"నేనైతే చెప్పలేదండీ" అన్నారు మాస్టారు. కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత గట్టిగా, గర్వంగా అన్నారు. చిన్నపిల్లల విభాగం కొనసాగించాలన్న తీర్మానం మరుసటి వారమే ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. రాజు వేదిక దిగి, అట్ట కిరీటం చేత్తో పట్టుకుని నేరుగా మాస్టారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. మాస్టారు మొట్టమొదటిసారిగా ఆ ముఖాన్ని దగ్గరగా చూశారు. ముందు పళ్ళు రెండూ లేవు. "స్పష్టంగా పలకవేంరా" అని రెండు నెలల పాటు తాను కసిరింది ఈ బోసి నోటినా అని ఆయనకు అప్పుడు తెలిసింది.

"మాస్టారూ, నేను మర్చిపోయినట్టు కనిపించిందా?" అని అడిగాడు రాజు.

ముప్పై మూడేళ్ళ పాటు రాజులకూ రాణులకూ చెట్లకూ నదులకూ మాట అందించిన మనిషికి ఆ క్షణంలో ఒక్క మాట రాలేదు. కళ్ళు నిండిపోయాయి. అర్ధాంగి ఆయన చెవి దగ్గరకు వంగి మెల్లగా అందించారు: "ఏం కనిపించలేదు, చాలా బాగా చేశావు నాన్నా, అనండి."

మాస్టారు ఆ మాటే అందుకుని అన్నారు: "ఏం కనిపించలేదు, చాలా బాగా చేశావు నాన్నా, అనండి."

రాజు రెండు నెలలుగా ఆ గొంతు ఏం చెబితే అది అని అలవాటైనవాడు. వెంటనే నిటారుగా నిలబడి, మాస్టారి ముఖంలోకి చూస్తూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు: "ఏం కనిపించలేదు, చాలా బాగా చేశావు నాన్నా, అనండి."

మాస్టారూ, మన కార్యాలయం తరఫున ఇంతకంటే మంచి అభినందన రాయాలని ఈ వ్యాసకర్త పక్షం రోజులు ప్రయత్నించి విరమించుకున్నాడు. ఆ ఏడేళ్ళ ప్రభువుల వారి వాక్యమే మా అందరి వాక్యం. మీకూ అమ్మగారికీ కళ్ళూ కాళ్ళూ చల్లగా ఉండి, ఏటా ముందు వరుసలో పక్కపక్కన కూర్చుని, రాబోయే ఎందరో రాజుల, చెట్ల, పావురాల ముఖాలను ఎదురుగా చూస్తూ, నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.