కొయ్యతేలుకు ఎడమవైపు తాడు

అధ్యక్షత వహించిన డైరెక్టరుగారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ నా తోటి పనివాళ్ళకు నమస్కారం. పొద్దున్నుంచి ముసురు పట్టి వదలడం లేదు. నేను ఎనిమిదింటికే వచ్చి, యంత్రాల గదిలో దుమ్ము దులిపి, తాళ్ళు సడలించి, కిటికీ రెక్కలు మూశాను. "చివరి రోజైనా కాస్త కూర్చోరాదా?" అని మా గైడమ్మ అడిగారు. కూర్చుంటే ఈ ఉపన్యాసం గుర్తొస్తుందమ్మా, అందుకే కూర్చోలేదు. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ మ్యూజియంలో వడ్రంగిని. పాత పుస్తకాల్లో బొమ్మలు చూసి నేను చేసిన యుద్ధయంత్రాలు రెండున్నాయి. పెద్దది రాళ్ళు విసిరేది. దాన్ని కదిలించడానికి నలుగురు కావాలి, గురి కూడా అంతంతమాత్రమే. చిన్నది బాణాలు విసిరేది. ఒక్క మనిషి గురిచూసి వదలగలడు. పూర్వం ఎక్కడో కోటలు ముట్టడించిన సైనికులు దీన్ని తేలు అని పిలుచుకున్నారట. బోర్డు మీద మేమూ ఆ పేరే రాశాం. అప్పటినుంచి వచ్చినవాళ్ళంతా "తేలేదీ?" అని అడగడమే. గాజుపెట్టెలో నిజం తేలు ఉంటుందనుకుని వస్తారు, కొయ్యను చూసి మొహం మాడ్చుకుంటారు. ఒక పాప మాత్రం వదలకుండా, "మరి తేలుకీ దీనికీ తేడా ఏంటి తాతా?" అంది. "దానికి కాళ్ళున్నాయి, దీనికి లేవు," అని చెప్పి పంపించేశాను. అది జవాబు కాదని అప్పుడే తెలుసు. సరైన జవాబు చెప్పడానికే ఇవాళ ఈ మైకు ముందు నిలబడ్డాను.

ఈ యంత్రం బలమంతా రెండు తాళ్ళ కట్టల్లో ఉంటుంది, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మెలిపెట్టి బిగించాక ఒక్కోదాన్ని వేలితో మీటి వినాలి. రెండూ ఒకే శ్రుతిలో పలకాలి. తేడా వస్తే బాణం పక్కకు పోతుంది. జనపనార తడిస్తే బిగుసుకుంటుంది కాబట్టి ముసురు రోజుల్లో మళ్ళీ ఒకసారి వినాలి. అర నిమిషం పని.

తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి ముసురే. ముందురోజు సాయంత్రం ఎడమవైపు కిటికీ మూయడం మరిచి ఇంటికి పోయాను. తెల్లారేసరికి ఆ వైపు తాడు తడిసి ఉంది. బడిపిల్లలు అప్పటికే వచ్చేశారు. బాణం వదిలి చూపించే పని మా బావమరిదిది. అదుగో, వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు, నా భార్యకు తమ్ముడు. మీట మీద చెయ్యి వేసి నావైపు చూశాడు.

"బావా, రెండు తాళ్ళూ విన్నావా?"

"విన్నాలే, వదులు," అన్నాను.

నేను వినలేదు.

మొన మొద్దుచేసిన బాణమే, అయినా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన టీచరుగారి భుజానికి తగిలి ఎముక విరిగింది. విచారణలో "వదిలినవాడు గురి తప్పాడు" అని ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను. అతన్ని సంచుల గదికి మార్చారు. అప్పటినుంచి వచ్చేపోయేవాళ్ళ సంచులు తీసుకుని బిళ్ళలు ఇస్తున్నాడు. వాళ్ళక్కకు కూడా అసలు సంగతి చెప్పలేదు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా, "నీకు చూపు ఆనదురా, కంచం కనిపిస్తోందా?" అని ఆవిడ ఆటపట్టించేది. అతను ఉప్పు అందుకునేవాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తినేవాణ్ణి.

తేలుకు కొండి పుట్టుకతోనే వస్తుంది. ఎప్పుడు ఎత్తాలో దానికే తెలుసు. కుడితే ఆ పని దానిదే. కొయ్యతేలు తనంతట తాను బిగుసుకోదు. అది తప్పు చోట తగిలిందంటే, వదిలినవాడి దగ్గరే ఆగిపోకుండా బిగించినవాడి దాకా వెళ్ళి అడగాలి. మీరెవరూ అడగలేదు. అడగకుండా చేసింది నా సంతకం.

డైరెక్టరుగారూ, ఇదంతా రాసి పొద్దున్నే మీకు ఇచ్చాను. దండ వేయకపోయినా ఫరవాలేదన్నాను, వేశారు. నామీద ఏ చర్య తీసుకున్నా సరే. సోమవారం నుంచి అతన్ని మళ్ళీ యంత్రం దగ్గర పెట్టండి.

(వెనక తలుపు దగ్గర నుంచి: "అదంతా సరే బావా, ఇవాళ కిటికీ మూశావా?" నవ్వులు.)

మూశాననే గుర్తు. అయినా నా మాట నమ్మకు, ఒకసారి నమ్మి చూశావు కదా. తాళంచెవి ఈ బల్ల మీద ఉంది. నువ్వే వెళ్ళి చూసుకో.

(ఆగి) తీసుకున్నాడు. వెళుతున్నాడు.

ఇక నేను చెప్పవలసింది లేదు. కుర్చీలు వేసినవాళ్ళకు, టీ కాచినవాళ్ళకు, ఈ మాటలు మధ్యలో ఆపకుండా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.

(సభ నాలుగుంపావుకు ముగిసింది. సంచుల గది మనిషి ఐదింటికి, కిటికీ మూసే ఉందని చెప్పి, యంత్రాల గది తాళంచెవి గేటు దగ్గర అప్పజెప్పి వెళ్ళాడు. వడ్రంగి ఐదూ పదికి వెళ్ళాడు.)