పసుపు పట్టీ ఆడదుప్పి

హలో… ఆ, నేనే. ఈ అడవి గుడిసెలో సిగ్రిడ్ కాక ఇంకెవరుంటారు ఎవర్ట్ బాబాయ్?

ఏంటీ… కాస్త గట్టిగా చెప్పు. అలా గుసగుసలాడితే ఏం వినపడుద్ది?

ఓ. వేట మాటులో ఉన్నావా. వేట జట్టుకి పెద్దవాడివి, నువ్వే ఫోన్లు చేస్తుంటే మిగతావాళ్ళకేం చెప్తావ్…

ఏ దుప్పి?

మెడకి పట్టీ ఉందా. పసుపు పట్టీ… ఎడమ చెవి చీలి ఉందా?

ఆ. అదే. నాదే.

లేదు, ఏడవట్లేదు. జలుబు.

మేస్తోందా… అయితే నిన్ను చూళ్ళేదన్నమాట. దూడ ఉందా వెంట? బాగా చూడు బాబాయ్, ఆ బిర్చ్ పొదల వెనక కూడా చూడు. దూడుంటే తల్లిని కొట్టరు కదా మీరు, తాతలనాటి కట్టుబాటు కదా…

లేదంటావా.

…వేసవి మొదట్లో ఉండేది. ఎలుగు తినేసుంటుంది.

అయితే నీకు అడ్డేం లేదు.

నన్నడక్కు.

అడక్కు అన్నానా! వదిలెయ్యమని నేనెలా చెప్తాను? మీ వేటగాళ్ళ సభలో లేచి నిలబడి చెప్పింది నేనే కదా, పట్టీ ఉన్నదాన్ని కూడా పట్టీ లేనిదానిలాగే చూడండని—

ఎందుకా? మళ్ళీ మొదటికొచ్చావ్. దాల్చినచెక్క రొట్టెలు తినడానికే వచ్చావేంటి ఆ సభకి… పట్టీ ఉన్నవాటిని మీరు జాలిపడి వదిలేశారనుకో. పట్టీలున్నవి ఎన్ని బతికాయో చూసే కదా నేను అడవంతటికీ లెక్క కట్టేది, ఆ లెక్కల్లో దుప్పులన్నీ చల్లగా బతుకుతున్నట్టే ఉంటుంది. అది చూసి పై అధికార్లు, ఇన్నున్నాయి కదా, ఇంకా కొట్టండి అంటారు. దీనొక్కదాని మీద జాలికి మిగతావన్నీ పోతాయి.

అవును, చదువుకున్నదాన్నే. రాయిని మాత్రం కాదు.

…

మొదటిసారి పట్టీ కట్టింది నేనే బాబాయ్. మంచులో మోకాళ్ళ మీద కూచుని కట్టాను. మత్తుసూదికి సోలిపోయి ఉంది అది. దాని ఊపిరి నా చేతులకి తగిలింది, వెచ్చగా. అప్పటికి మా ఆయన ఇంకా నాతోనే ఉన్నాడు.

…ఆయన సంగతి ఎందుకులే. ఆయనా నన్నొదిలి పోయాడు, నాతో పనిచేసిన పిల్లలూ ఊమియో పట్నం పోయారు. ఇది మాత్రం ప్రతి చలికాలం ఈ లోయలోకే దిగొచ్చేది. పొద్దున లేవగానే కంప్యూటర్లో ఆ పట్టీ చూపించే చుక్క ఎక్కడుందో చూసుకుంటాను. కాఫీ అయినా ఆ తర్వాతే.

నవ్వకు.

నవ్వలేదా. సరే.

నాకు ఒంటరిగానే ఉంది బాబాయ్. నీ దగ్గర దాచేదేముంది?

ఏంటీ… నేను ఊఁ అంటే నువ్వు దగ్గుతావా? అది పారిపోద్దా? ఎవరికీ తెలీదంటావ్.

నాకు తెలుస్తుంది కదా.

…

ఇంకా అక్కడే ఉందా?

తలెత్తిందా.

లేదు, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. ఒక్క నిమిషం ఆగు…

పక్కకి తిరిగేదాకా ఆగు బాబాయ్. ఊపిరితిత్తుల మీద కొట్టు. గాయంతో పరిగెత్తించకు దాన్ని.

ఆ, నేనే అంటున్నాను.

ఇంక ఫోను పెట్టెయ్. తుపాకీకి రెండు చేతులూ కావాలి.